టాకాల మీద బండి

ఆన్‌లైన్‌లో కొన్న బట్టలారేసుకునే స్టాండు గురించి ముందు ఒక మాట చెప్పుకోవాలి. పెట్టె మీద 'ఏ పనిముట్లూ అక్కర్లేదు, ఎవరైనా బిగించుకోవచ్చు' అని రాసుంది. అబద్ధం కాదు, ఎవరైనా బిగించుకోవచ్చు. నిలబడుతుందని మాత్రం వాళ్లెక్కడా అనలేదు. తడి దుప్పటి వెయ్యగానే మోకాళ్ల నొప్పులున్న మనిషిలా ముందు ఒక కాలు మడిచింది, కాసేపు ఆలోచించి రెండోది కూడా మడిచింది. ఫిర్యాదు చేస్తే, నా అనుభవానికి ఐదింటిలో ఎన్ని నక్షత్రాలు ఇస్తానని అడిగారు. నాకు ఫిర్యాదు చేసే ఓపిక కూడా అక్కడితో అయిపోయింది.

చివరికి దాన్ని చంకన పెట్టుకుని కొత్తగూడ ఫ్లైఓవర్ పక్కనున్న వెల్డింగ్ షాపుకు పోయాను. అతను కాళ్ల దగ్గర నాలుగు చుక్కలు అంటించి, ముఖం మీది నల్లద్దం పైకెత్తి అడిగాడు.

"టాకాలు చాలా సార్, ఫుల్ కొట్టాల్నా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. బట్టల స్టాండు విషయంలో ఎవరూ అంతసేపు ఆలోచించరు కాబట్టి అతను నన్ను అనుమానంగా చూశాడు. అక్కడికి రెండు గల్లీల అవతల ఒక రేకుల షెడ్డులో, ఇదే ప్రశ్నతో ఒక మనిషి కొన్నేళ్లు కాపురం చేశాడు. అది అతనికి తెలియదు.

ఆయన పేరు రాయను. గల్లీలో వాళ్లకు రాయకపోయినా తెలుసు, మిగతావాళ్లకు పేరుతో పనిలేదు. నేను ఆయన ఇంట్లో పై పోర్షన్‌లో కిరాయికి ఉండేవాణ్ణి. పోయిన ఎండాకాలంలో పోయాడు. బండి వల్ల కాదు. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది, లేకపోతే ఇకమీద బండి కదిలినప్పుడల్లా మీరు గుండె పట్టుకుంటారు. పట్టుకోవాల్సి వచ్చింది ఆయనకే, అదీ మంచం మీద కూర్చుని చాయ్ తాగుతూ.

ఇల్లు చూడటానికి మొదటిసారి వెళ్లినప్పుడు ఆయన పెరట్లో ఒక పాత జీపు కింద పడుకుని ఉన్నాడు. ఎక్కడో వేలంలో కొన్న, నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే రకం. కాళ్లు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. ఆ కాళ్లతోనే మాట్లాడాను. ఏ ఊరు, ఏ కంపెనీ, పెళ్లయిందా, మాంసం వండుతారా అని అడుగుతాడనుకున్నాను. అవేవీ అడగలేదు.

"ఫ్యాన్ జర మెల్లగ తిరిగితే నిద్ర పడతదా నీకు?" అన్నాయి కాళ్లు.

"పడుతుందండి."

"మంచిది. తాళాలు వదిన దగ్గర తీస్కో."

ఆ ప్రశ్నకు అర్థం చేరిన వారానికి తెలిసింది. ఆయన కింద వెల్డింగ్ మెషిన్ పెట్టాడంటే పైన కరెంటు సన్నబడేది. నేను సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్ని. ఇతరులు చేసిన తప్పులు వెతికి, వాళ్లకు మర్యాదగా తెలియజేయడం నా ఉద్యోగం. ఇంట్లోంచి పనిచేసే రోజుల్లో మీటింగులో ఉండగా ఫ్యాన్ ఒక్క క్షణం తడబడి మళ్లీ అందుకునేది. మళ్లీ తడబడేది. టాకా వేస్తున్నాడని అర్థం.

టాకా అంటే తెలియనివాళ్లకు చెప్పాలి. దర్జీ జాకెట్టుకు ముందు పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేసి, సరిపోయిందని చూసుకున్నాక అసలు కుట్టు వేస్తాడు. ఇనుముకూ అంతే. రెండు ముక్కలు కలిసే చోట మూలల్లో చుక్కల్లా అంటించి చూస్తారు. సరిగ్గా కుదిరితే ఆ పొడుగునా ఆపకుండా కొడతారు. అది ఫుల్. ఫుల్ కొడితే ఫ్యాన్ చాలాసేపు నీరసంగా తిరగాలి. నేనున్న మొదటి సంవత్సరాల్లో అలా తిరగడం నేను చూడలేదు.

ఆయనదీ నా లోకమే. కొత్తగూడలోనే పుట్టి, అక్కడి పొలాలు అద్దాల మేడలవుతుంటే ఆ మేడల్లో ఒకదాంట్లోకి ఉద్యోగానికి పోయిన మనిషి. మాదాపూర్‌లో ఒక కంపెనీ సర్వర్లు చూసుకునేవాడు. ఆ పనిలో ఉన్నవాళ్లకు ఒక మతం ఉంటుంది. నడుస్తున్నదాన్ని ముట్టుకోవద్దు. ముట్టుకోక తప్పకపోతే, చేసినదంతా వెనక్కి తీసుకునే దారి ముందే తయారుగా పెట్టుకోవాలి. దాన్ని రోల్‌బ్యాక్ అంటారు. అది లేకుండా ఒక్క తీగ కూడా పీకరు. ఆయన ఆ మతాన్ని ఇనుములోకి కూడా తెచ్చాడు.

"టాకా ఐతే గ్రైండర్ పెడితే ఊడొస్తది తమ్మీ. తప్పైతే మల్ల కొత్తగ పెట్టుకోవచ్చు. ఫుల్ కొట్టినంక రోల్‌బ్యాక్ ఏడుంటది?"

"కానీ అన్నా, ఎప్పటికో అప్పటికి ఫుల్ కొట్టాలి కదండీ?"

"కొట్టాలె. గని ఇయ్యాల్నే ఎందుకు?"

టాకా వేసిన ప్రతి అతుకు దగ్గరా సుద్దముక్కతో ఇంటూ గుర్తు పెట్టేవాడు. పని మిగిలుందని దానర్థం. ఆఫీసులో చెయ్యాల్సిన పనుల చిట్టాల్ని అన్నట్టు, వాటిని టికెట్లు అనేవాడు. బంపర్ మీద టికెట్లు, బండి బోల్తాపడినా మనిషి నలగకుండా కట్టే పైపుల పంజరం మీద టికెట్లు, రాళ్లు తగలకుండా పక్కలకు పెట్టే పట్టాల మీద టికెట్లు. దూరం నుంచి చూస్తే ఎవరో ఆ జీపుకు ముగ్గు పెట్టడం మొదలుపెట్టి మధ్యలో మనసు మార్చుకున్నట్టుండేది.

"ఎన్ని టికెట్లు ఓపెన్ ఉన్నాయన్నా?" అనేవాణ్ణి మెట్లు దిగుతూ.

"అన్నీ," అనేవాడు. ఆ మాటలో సిగ్గు ఉండేది కాదు.

ఇంటి ముందు షట్టర్‌లో వదినకు, అంటే ఆయన భార్యకు, జాకెట్లు కుట్టే షాపు ఉండేది. ఆమె మిషన్ ఆగేది కాదు. పెరట్లోంచి ఆయన 'కుదిరిందిరో' అని కేకేస్తే ముందునుంచి ఆమె గొంతు వచ్చేది.

"కుదిరితే కుట్టరాదూ! నేను గూడ టాకాలేసి ఊకుంటే నా గిరాకీలు పెండ్లిల చేతులు లేపుతరా?"

"ఇనుము జాకెట్టు కాదే."

"ఔ, జాకెట్టైతే ఎప్పుడో చినిగిపోతుండె."

తర్వాత కంపెనీ ఆయన్ని 'రిలీజ్' చేసింది. వాళ్ల మాట అదే. గాలానికి పడ్డ చిన్న చేపను జాలితో తిరిగి నీళ్లలోకి వదిలినట్టు. ఐడీ కార్డు తీసుకుని మెడతాడు వదిలేశారు. ఆయన ఆ తాడుకు కొలతల టేపు కట్టి మెడలో వేసుకున్నాడు. ఒంటి మీద కంపెనీ వార్షికోత్సవాలకు పంచిన టీషర్టులు ఉండేవి. 'ఉత్తమ జట్టు' అని రాసున్నదానికి నిప్పురవ్వలు పడి జట్టు ఉన్నచోట జల్లెడ మిగిలింది.

అప్పటిదాకా జీపు ఆదివారాల సరదా. అక్కడినుంచి అది అన్నం పెట్టాల్సిన వస్తువు అయింది. కోకాపేట టవర్లలో ఉండేవాళ్లు పెద్ద పెద్ద బండ్లు కొంటున్నారు. ఆదివారం వాటికి బురద అంటించుకుని సోమవారం కడిగించుకుంటారు. వాళ్లకు బంపర్లు కావాలి, పై క్యారియర్లు కావాలి. బయట కొన్నవైతే అందరి బండికీ ఒకటే. తను బండికి తగ్గట్టు చేసిస్తాడు. అందుకు ముందు తన జీపు పూర్తవ్వాలి, వాళ్లు చూడాలి. ఇదీ ఆయన లెక్క. వదినకు చెప్పాడు, నాకు చెప్పాడు, గల్లీ మొదట్లో కటింగ్ షాపతనికి చెప్పాడు. ఇన్ని చోట్ల చెప్పినదాన్ని వెనక్కి తీసుకోవడం కష్టమని ఆయనకు తట్టినట్టు లేదు.

మధ్యలో ఒకటి రెండు ఇంటర్వ్యూలు కూడా వచ్చాయి. ఒకటి నాకు బాగా గుర్తు. ముందురోజు అద్దం పెట్టుకోకుండా 'ఒక్క టాకానే గదా' అని కొట్టాడు. వెల్డింగ్ మంటను వట్టి కళ్లతో చూస్తే, కళ్లలో ఇసుక పోసినట్టయి నీళ్లు కారుతూనే ఉంటాయి. వదిన ఆలుగడ్డ చక్రాలు కోసి కళ్ల మీద పెట్టి పడుకోబెట్టింది. పొద్దున నా పోర్షన్‌లో నెట్ మంచిగ వస్తుందని పైకి వచ్చి, నా కుర్చీలో, నా లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. నేను వంటింట్లోకి తప్పుకున్నాను.

అవతల హెచ్చార్ అమ్మాయి మాట్లాడుతోంది. "సర్, మీరు గత కంపెనీ ఎందుకు వదిలేశారో చెప్తారా?"

ఈయన చెబుతున్నాడు. కళ్లనుంచి ధారగా నీళ్లు. తుడుచుకుంటాడు, మళ్లీ చెబుతాడు.

"సర్... పర్లేదు సర్. కావాలంటే ఒక ఐదు నిమిషాలు బ్రేక్ తీసుకుందాం."

"లేదమ్మా, నువ్వడుగు. నాకు అలవాటే."

ఆ అమ్మాయి గొంతు కూడా బొంగురుపోయింది. అంత ఆత్మీయంగా జరిగిన ఇంటర్వ్యూ మా ఐటీ కారిడార్‌లో ఇంకొకటి ఉండదు. ఉద్యోగం మాత్రం రాలేదు.

"ఏమైందన్నా?" అంటే, "మస్తు బాధపడింది పాపం," అన్నాడు. "ఆ పిల్లనే ఊకోబెట్టాల్సొచ్చింది."

నేను పక్కన నిలబడి 'అలాగండి, నిజమేనండి' అంటుంటే నవ్వేవాడు. "నీ అండీలు ఇన్ని పడితే ఇనుము గూడ మెత్తబడ్తది తమ్మీ. జర అటు నిలబడు." నా వల్ల ఆయనకు జరిగిన సాయం దాదాపు అంతే. ముక్కల్ని పట్టుకోమంటే పట్టుకునేవాణ్ణి. తల పక్కకు తిప్పుకోమంటే తిప్పుకునేవాణ్ణి. అన్నాళ్లు పక్కనున్నా ఒక్క అతుకు కూడా పడుతుండగా చూడలేదు.

చివరికి ఒక రోజు కబురు వచ్చింది. కోకాపేట బండ్లవాళ్లకు ఒక క్లబ్బు ఉంది. దానికి ఒక ప్రెసిడెంటు ఉన్నాడు, నాలాగే కోస్తా మనిషి, చాలా మర్యాదస్తుడు. ఎవరో చెబితే విని ఆయనే ఫోన్ చేశాడు. ఈయన స్పీకర్ పెట్టి మా అందరికీ వినిపించాడు.

"అన్నగారూ, ఈ ఆదివారం మనవాళ్లందరం పాత క్వారీ దగ్గర కలుస్తున్నామండి. మీ జీపు తీసుకురండి. బాగుంటే మా గ్రూపులో ఐదారుగురం రెడీగా ఉన్నాం. మీతోనే చేయించుకుంటాం."

ఫోన్ పెట్టేశాక ఆయన చాలాసేపు జీపు చుట్టూ తిరిగాడు. వదిన మిషన్ ఆపి వచ్చి నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"ఆదివారమంట. ఇప్పుడన్న కొడ్తవా?"

"కొడ్త."

ఆ వారం ఫ్యాన్ అప్పుడప్పుడు కొంచెం ఎక్కువసేపు నెమ్మదించింది. శనివారం పొద్దున చాయ్ గ్లాసుతో నేను వరండాలో నిలబడి చూస్తే, ఆయన తడిబట్టతో జీపును తలనుంచి తోకదాకా తుడుస్తున్నాడు. సుద్ద దుమ్ము మీద పెయింటు అంటదు కదా. ఇంటూ గుర్తులు ఒక్కొక్కటే పోయాయి. తర్వాత నల్ల పెయింటు కొట్టాడు. ఎండలో జీపు నిగనిగలాడింది. ఒక్క టికెట్ కూడా లేని జీపును చూడటం నాకదే మొదలు.

"అన్నీ క్లోజ్ చేశారా అన్నా?"

"ముఖ్యమైనయి కొట్టిన."

"ఏవి ముఖ్యమైనవండీ?"

పెయింటు డబ్బా మూత బిగించాడు. "కొట్టినయే," అన్నాడు.

నేను గ్లాసులో మిగిలిన చాయ్ తాగేశాను. తప్పులు వెతకడం నా ఉద్యోగం. శనివారం సెలవు.

మర్నాడు వదిన మొదటిసారి షాపు మూసి ఆ జీపెక్కింది. వచ్చేవాళ్లందరికీ అని పెద్ద డబ్బా నిండా పులిహోర చేసింది. పట్టుచీర కట్టలేదు గానీ కట్టినంత పని చేసింది. నేను వెనక సీట్లో డబ్బా పట్టుకుని కూర్చున్నాను. కోకాపేట దాటి, ఇంకా కడుతున్న టవర్ల వెనక, రాయి తీసేసిన పాత గుంటలో వాన నీళ్లు నిలిచి ఉన్నాయి. చుట్టూ కొత్త బండ్లు, కొత్త బూట్లు, నల్ల కళ్లద్దాలు. మనుషుల కంటే ఫోన్లు ఎక్కువ ఉత్సాహంగా ఉన్నాయి.

ప్రెసిడెంటు జీపు చుట్టూ తిరిగి పంజరం మీద తట్టి చూశాడు. "భలే ఉందండీ. ఇదంతా ఇంట్లోనే?"

"ఇంట్లనే. పెరట్ల."

"సూపరండీ!"

ఆయన ముఖం నేనెప్పుడూ అలా చూడలేదు. వదిన వైపు ఒకసారి చూశాడు. ఆమె డబ్బా మూత సర్దుతున్నట్టు తల వంచుకుంది. నవ్వు కనపడకూడదని.

ఇంతలో ఒకతని కొత్త బండి బురదలో దిగబడిపోయింది. ఎంత తొక్కినా చక్రాలు తిరుగుతున్నాయి, బండి కూర్చుంటోంది. ప్రెసిడెంటు చేతులు రుద్దుకుంటూ వచ్చాడు.

"అన్నగారూ, మీ జీపుతో లాగుదామాండీ? వెనక బంపర్ మీరు చేసిందే కదా, దానికి తాడు కట్టచ్చా?"

ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణంలో ఆయన పెయింటు కింద ఏముందో గుర్తు తెచ్చుకోవాలని చూశాడని ఇప్పుడు నాకనిపిస్తుంది. నలుపు మీద నలుపే కనిపిస్తుంది. టాకా అయినా, ఫుల్ అయినా.

"కట్టున్రి," అన్నాడు.

తాడు కట్టారు. ఆయన జీపెక్కి, చూపు ముందుకు పెట్టి, ఇంజన్ గర్జించేలా తొక్కాడు. తాడు బిగుసుకుంది. ఏదో టప్పుమంది. జీపు హాయిగా, పెళ్లి ఊరేగింపులా ముందుకు సాగింది. చప్పట్లు కూడా మొదలయ్యాయి. దిగబడిన బండి అక్కడే ఉంది. మధ్యలో, తాడు చివర, నల్లటి నిగనిగలాడే బంపర్ బురదలో పడుకుని ఉంది. ఎవరికీ తగల్లేదు, అది అదృష్టం. ఆయనకు తెలియదు. గట్టు ఎక్కేదాకా పోయి, అక్కడ ఆగి, గెలిచినవాడిలా చెయ్యి బయటపెట్టి ఊపాడు.

అప్పుడు నవ్వారు. ఒక్కరు మొదలుపెడితే అందరూ. చెడ్డవాళ్లు కారు వాళ్లు. ఆ దృశ్యానికి ఎవరైనా నవ్వుతారు. నేను నవ్వలేదు, గొప్పేం కాదు. డబ్బాలోంచి ముందే తీసుకున్న పులిహోర నోట్లో ఉంది.

ఆయన దిగి నడిచి వచ్చాడు. బంపర్‌కున్న తాడు విప్పాడు. బురద కారుతుండగా దాన్ని భుజాన వేసుకున్నాడు. "అల్కగ, బరువే లేనట్టు వస్తున్నదే అనుకున్న," అన్నాడు. ఇంకా నవ్వారు. తనూ నవ్వాడు. వదిన పేపరు ప్లేట్లలో పులిహోర పెట్టి అందరికీ ఇచ్చింది. వాళ్లు నవ్వుతూనే తిన్నారు. పులిహోర చాలా బాగుందన్నారు.

వీడియో ఆ సాయంత్రానికే మా ఆఫీసు గ్రూపుకు కూడా వచ్చింది. కింద రకరకాల వ్యాఖ్యలు. కటింగ్ షాపులో ఎవరో ఆయనకే చూపించారట. "యాంగిల్ మంచిగొచ్చింది," అన్నాడట.

సోమవారం మీటింగులో ఉండగా నా ఫ్యాన్ నెమ్మదించింది. అందుకుంటుందని చూశాను. అందుకోలేదు. అలాగే నీరసంగా తిరిగింది. ఆగి, మళ్లీ అలాగే. మధ్యాహ్నం దాకా, మర్నాడు, ఆ తర్వాత వారాలు. కిందికి వెళ్లి చూస్తే జీపు మీద పెయింటంతా గీకేసి ఉంది. బంపర్ మళ్లీ పెట్టి, ఒక మూలనుంచి ఇంకో మూలకు, లోపలా బయటా, ఆగకుండా కొడుతున్నాడు. సుద్దముక్క గోడ మీద అలాగే ఉంది.

"రోల్‌బ్యాక్ వద్దాండీ అన్నా?" అన్నాను, తేలిగ్గా ఉంటుందని.

అద్దం పైకెత్తలేదు. "ఎనక్కి పోయి ఏం చేద్దమని తమ్మీ?"

వదిన షాపులోంచి అంది. "ఇన్నేండ్లు మొదలువెట్ట రాలె. ఇప్పుడు ఆపుడు వస్తలేదు."

ప్రతి శనివారం ప్రెసిడెంటుకు ఫోన్ చేసేవాడు. "సార్, ఈసారి ఫుల్ కొట్టిన. జర ఒక్కసారి వచ్చి చూడున్రి." ఆయన మర్యాదగానే 'తప్పకుండా అన్నగారూ, వచ్చే వారం' అనేవాడు. ఆదివారం పొద్దున ఈయన పెరడు ఊడ్చి, నీళ్లు చల్లి, రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసేవాడు. మధ్యాహ్నం వాటిని ఒకదానిలో ఒకటి పెట్టి గోడకు చేర్చేవాడు. తర్వాత మెషిన్ పెట్టేవాడు. నా ఫ్యాన్ నెమ్మదించేది. కొన్నాళ్లకు ఫోన్ చేయడం మానేశాడు. కుర్చీలు మాత్రం వేసేవాడు.

ఇల్లు గడవాలి కాబట్టి మియాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో కాంట్రాక్టు మీద చేరాడు. మళ్లీ సర్వర్లే. రోజూ బస్సులో నిలబడి పోవడం, నిలబడి రావడం. "కూసునుడు ఆఫీసులనే," అనేవాడు. ఇంటికొచ్చి మెట్ల మీద బూట్లు విప్పకుండా చాలాసేపు ఉండేవాడు. ఆదివారం మాత్రం మెషిన్ మానలేదు. కొట్టడానికి ఇంకేం మిగిలిందో నాకర్థమయ్యేది కాదు, అడగలేదు కూడా.

నేను కోకాపేటలో ఫ్లాటు తీసుకుని మారే రోజు, సామాన్లు దింపడానికి వచ్చి నిలబడ్డాడు. ఎక్కడ పట్టుకున్నా బరువు తన వైపే పడేలా పట్టుకునే మనిషి. ఆఖరి పెట్టె ఎక్కించాక చేతులు దులుపుకున్నాడు.

"ఆడ బాల్కనీకి గ్రిల్ గిట్ల కావాల్నంటే చెప్పు. టాకాలెయ్య. సీదా ఫుల్."

మా కమ్యూనిటీలో గ్రిల్ పెట్టాలంటే అసోసియేషన్ చెప్పిన డిజైన్, అసోసియేషన్ చెప్పిన మనిషి. ఆ సంగతి చెప్పకుండా "అలాగేనన్నా" అన్నాను.

ఆయన పోయిన కొన్ని వారాలకు వదిన ఫోన్ చేసింది. జీపుకు బేరం వచ్చిందట. "నువ్వు జర వచ్చి పక్కన నిలబడు తమ్మీ. బండ్ల ముచ్చట నాకు తెల్వది. ఏదన్న అడిగితే నువ్వు చెప్పు." నాకూ తెలియదని ఆమెకు తెలుసు. మనిషి నిలబడితే చాలనుకుంది. అది నాకు చేతనైన పనే.

పెరట్లో జీపు కొంచెం తుప్పెక్కి, పెయింటు లేకుండా, ఎక్కడ చూసినా లావుపాటి అతుకులతో ఉంది. కుట్లు పడ్డ మనిషిలా. బేరానికి వచ్చింది ప్రెసిడెంటే. వెంట ఒక మెకానిక్. వదినను గుర్తుపట్టి చేతులు జోడించాడు. "విన్నామండీ. చాలా బాధేసింది." నిజంగానే బాధపడ్డాడని నాకనిపించింది. పాత ఇంజన్, గేర్‌బాక్స్ మంచివట. అవి విప్పుకుని తన బండికి వాడుకుంటానన్నాడు.

మెకానిక్ కిందికి దూరాడు. చాలాసేపు సుత్తితో అక్కడక్కడ తట్టిన చప్పుడు. బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటూ జీపును ఒకసారి, మమ్మల్ని ఒకసారి చూశాడు.

"ఊడది సార్."

"ఊడదంటే?"

"ఇంజన్ దించాల్నంటే ముందటిదంత కొయ్యాలె. గేర్‌బాక్స్ కాడికి పోవాల్నంటే కిందిది కొయ్యాలె. బోల్టు ఉన్న కాడ గూడ బోల్టు మీద వెల్డింగ్ కొట్టిండు. పానా పట్టే జాగనే లేదు."

"మరి పార్ట్స్?"

"పార్ట్సు లేవు సార్. మొత్తం ఒకటే పార్టు."

ప్రెసిడెంటు నమ్మలేదు. వెనక్కి వెళ్లి, ఆ బంపర్ మీద బూటుకాలు పెట్టి తొక్కాడు. రెండో కాలూ పెట్టి ఎక్కాడు. ఎగిరాడు. పెద్ద మనిషే, బరువున్నవాడు. జీపు మొత్తం ఊగింది గానీ బంపర్ వేరుగా కదల్లేదు. దిగి, వంగి, ఆ అతుకు మీద వేలు నడిపించాడు. ఈ చివరనుంచి ఆ చివరకు ఎక్కడా తెగకుండా, వేళ్లు కలిపి అల్లిన జడలా ఉంది. అప్పటికి ఆయన ముఖంలో బేరం పోయింది.

"నిజంగా చెబుతున్నానండీ, ఇంత గట్టి పని నేనెక్కడా చూడలేదు," అన్నాడు. "ఇలా చేస్తారని తెలిసుంటే మా బండ్లన్నీ అన్నగారి దగ్గరికే తెచ్చేవాళ్లం."

నేను ఏదో ఒకటి అనాలని 'అవునండి' అనబోయాను. వదిన కొంగు భుజం చుట్టూ లాక్కుంది.

"మీరు నవ్విన్రనే గిట్ల చేసిండు సార్. ఇప్పుడు మెచ్చుకుంటే ఎవలికి?"